పార్కు మాస్టర్ మాత్రలు మానేయమన్నాడు, నాన్నగారు మానేశారు

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. తెనాలి దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. షుగర్ 15 ఏళ్ల నుంచి ఉంది, బీపీ ఉంది, గుండెకి స్టెంట్ వేశారు. ఈ వేసవిలో మా దగ్గరికి, కాలిఫోర్నియా బే ఏరియాకి వచ్చారు. మొదట్లో రోజంతా సోఫాలో కూర్చుని టికెట్ ఎప్పటికి ఉందని అడగడం తప్ప వేరే మాట లేదు. తర్వాత పొద్దున్నే పార్కులో వ్యాయామం చేసే చైనా పెద్దవాళ్లతో కలిశారు. వాళ్ల భాష ఈయనకి రాదు, ఈయన భాష వాళ్లకి రాదు, అయినా మనిషి మారిపోయారు, నవ్వుతున్నారు, నిద్ర పడుతోంది. ఇక్కడివరకు బాగుంది. ఆ గుంపులోకి వచ్చే ఒకాయన్ని అందరూ మాస్టర్ అంటారు. ఆయన నాన్నగారికి విడిగా చీగాంగ్ చికిత్స మొదలుపెట్టాడు, గంటకి 120 డాలర్లు. ఒంటికి తగలకుండా అరచేతులు చూపించి 'చీ' అనే శక్తి పంపిస్తాడట. వేళ్లు జివ్వుమంటున్నాయి, ఒళ్లు వేడెక్కుతోంది, నిజంగానే ఏదో ఉందమ్మా అంటున్నారు నాన్నగారు. ఆ తర్వాత మోచేతుల మీద, మోకాళ్ల వెనక గట్టిగా చరిచాడు, నల్లగా కమిలిపోతే విషం బయటికొచ్చిందన్నాడు. ఇప్పుడు షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్, రక్తం పలచబడే మాత్ర రెండూ శక్తి దారికి అడ్డమని మానేయమన్నాడు. నాన్నగారు మాకు చెప్పకుండా కొన్ని మానేశారు, మొన్న డబ్బాలో మాత్రలు మిగిలితే తెలిసింది. మావారు పోలీసులకి చెప్దామంటున్నారు. నాన్నగారు అలిగి మాట్లాడటం లేదు. ఇదంతా మోసమేనా? పార్కుకే వెళ్లకుండా ఆపేయాలా?

సమాధానం: ముందు మాత్రల సంగతి చూడండమ్మా, మిగతాదంతా తర్వాత. ఇది చదివిన రోజే నాన్నగారి గుండె డాక్టరుకి ఫోన్ చేయండి. ఇండియాలో ఆయన్ని ఎప్పుడూ చూసే డాక్టరైనా సరే, టైమ్ తేడా చూసుకుని వాట్సాప్ కాల్ చేయండి. స్టెంట్ ఉన్న మనిషి రక్తం పలచబడే మాత్రని తనంతట తను ఆపేస్తే ఆ స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది, అది ముందుగా చెప్పి రాదు. షుగర్ మాత్ర ఇంకో రకం. మానిన మర్నాడు ఏమీ తెలియదు, అసలు గొడవంతా అక్కడే, 'మానేసినా బాగానే ఉన్నానే' అనిపిస్తుంది, లోపల షుగర్ పెరుగుతూనే ఉంటుంది. ఏవి మానారు, ఎప్పటినుంచి, ఏవి సగం వేసుకున్నారు అన్నది ఆయన నోటితోనే చెప్పించి రాసుకోండి, ఆ పూట మాత్రం తిట్టొద్దు. మానిన డోసులన్నీ కలిపి ఒకేసారి వేయడం లాంటివి చేయొద్దు, ఎలా మళ్లీ మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఈలోగా గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్న రెండు గంటలకి చూస్తూ ఉండండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, చల్లని చెమటలు, మాట తడబడటం, ఒకవైపు చెయ్యి పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 911కి ఫోన్ చేయాలి.

ఇక మీ ప్రశ్న. "ఇదంతా" అని పార్కునీ మాస్టర్‌నీ ఒకే మూట కట్టేశారు, నేనైతే విప్పేస్తాను. పార్కు వేరు, మాస్టర్ వేరు. పార్కుకి నాన్నగారిని రోజూ పంపించండి, చలిగా ఉంటే స్వెట్టర్ వేసి మరీ పంపించండి.

ఆ పెద్దవాళ్లు చేసేది బహుశా బాదువాన్‌జిన్ అయి ఉంటుంది, లేదంటే తాయ్‌చీ, అదీ నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామమే. బాదువాన్‌జిన్ అంటే ఎనిమిది కదలికల వరస. చేతులు పైకి చాపడం, విల్లు ఎక్కుపెట్టినట్టు నిలబడటం, మెడ తిప్పి వెనక్కి చూడటం, మడమలెత్తి దించడం, అన్నిటికీ నెమ్మదిగా ఊపిరి కలపడం. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఊపిరితో కలిపి ఒళ్లు కదిలించే ఈ అలవాటు చైనాలో చాలా పాతది, దీన్నే ఇప్పుడు చీగాంగ్ అంటున్నారు. హునాన్ రాష్ట్రంలో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయి అనే చోట 1973లో ఒక సమాధి తవ్వితే పట్టుగుడ్డ మీద 44 మంది రకరకాల భంగిమల్లో వ్యాయామం చేస్తున్న బొమ్మలు దొరికాయి, ఆ సమాధి క్రీస్తుపూర్వం 168 నాటిది. అయితే 'చీగాంగ్' పేరుతో ఆసుపత్రి, చికిత్స అనే పద్ధతి మాత్రం నిన్నమొన్నటిదే. లియూ గ్వీజెన్ అనే కమ్యూనిస్టు పార్టీ కార్యకర్త తన కడుపులో పుండు శ్వాస సాధనతో తగ్గిందని నమ్మి, 1950ల్లో హెబే రాష్ట్రంలో ప్రభుత్వం తరఫునే చీగాంగ్ శానిటోరియంలు నడిపాడు. ఇప్పుడు చైనా ప్రభుత్వ క్రీడా శాఖ కిందే ఆరోగ్య చీగాంగ్‌కి ఒక సంఘం ఉంది, 2003లో వాళ్లు నాలుగు వరసలు ఎంచి ప్రచారంలో పెట్టారు, వాటిలో బాదువాన్‌జిన్ ఒకటి. దాన్ని క్రీడా శాఖ చూసుకుంటోందన్న మాట గుర్తుపెట్టుకోండి, వాళ్ల లెక్కలోనే అది వ్యాయామం.

దీనివల్ల లాభం ఉందా అంటే ఉంది. వయసు మళ్లినవాళ్లు కింద పడిపోవడం తాయ్‌చీ వల్ల తగ్గుతుందని గట్టి ఆధారాలున్నాయి. పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లకి నిలకడ మెరుగైందని 2012లో అమెరికాలో జరిగిన పరిశోధన చూపించింది. నెమ్మదైన శ్వాసతో బీపీ కొద్దిగా దిగుతుంది, మన ప్రాణాయామంతోనూ అంతే. షుగర్ విషయంలో రోజూ నడిస్తే ఎంత మేలో అంత. మాత్ర బదులు సరిపోయేంత మాత్రం కాదు. ఒక జాగ్రత్త ఉంది. నడుము వంచి పాదాలు అందుకునే కదలిక ఒకటుంటుంది, షుగర్ వల్ల కంటి వెనక రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లు తల కిందికి వంచే ముందు కంటి డాక్టర్ని అడగాలి. ఊపిరి బిగబట్టి ముక్కడం బీపీ మనిషికి అసలొద్దు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర కూడా వాడుతుంటే జేబులో గ్లూకోజ్ బిళ్లలో చాక్లెట్టో ఉండాలి, ఖాళీ కడుపుతో గంటసేపు చేస్తే షుగర్ పడిపోవచ్చు.

ఇప్పుడు ఆ జివ్వుమనడం. నాన్నగారు అబద్ధం చెప్పడం లేదు, ఆయనకి నిజంగానే అనిపిస్తోంది. కాకపోతే అది మాస్టర్ అరచేతుల్లోంచి వచ్చిందా అన్నదే ప్రశ్న. ఊపిరి లోతుగా, కాస్త వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో వేళ్లు, పెదాలు జివ్వుమంటాయి, తల తేలికవుతుంది. నెమ్మదిగా తీస్తే ఒళ్లు సడలి చేతుల్లో రక్తనాళాలు విచ్చుకుంటాయి, అరచేతులు వెచ్చబడతాయి. చేతులు చాపి ఐదు నిమిషాలు నిలబడితే భుజాలు వాటంతటవే వణుకుతాయి. కళ్లు మూసుకుని ఒక వేలి మీదే ధ్యాస పెడితే ఎవరికైనా ఆ వేలిలో ఏదో తెలుస్తుంది, కావాలంటే మీరు ఇప్పుడే చూసుకోండి. ఇంకోటి, ఇదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది: 15 ఏళ్ల షుగర్ ఉన్న మనిషికి వేళ్లు, పాదాలు జివ్వుమనడం నరాలు దెబ్బతింటున్న గుర్తు కూడా కావచ్చు. పాదాల్లో కూడా ఉందా, రాత్రుళ్లు మంటలున్నాయా, చెప్పు జారినా తెలియడం లేదా అని అడగండి. డాక్టరుకి చెప్పాల్సిన లక్షణాన్ని శక్తి అనుకుని మురిసిపోతున్నారేమో.

నాన్నగారు ఫిజిక్స్ మాస్టారు అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను, ఆయనకి నచ్చుతుంది. అమెరికాలో కొందరు నర్సులు ఇలాగే ఒంటికి తగలకుండా చేతులు ఆడించి రోగి శక్తిని సరిచేస్తామనేవారు. కొలరాడోలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పిల్ల స్కూలు ప్రాజెక్టుగా వాళ్లని పరీక్షించింది. మధ్యలో అట్ట అడ్డం పెట్టి, దాని కింది నుంచి వాళ్లు రెండు చేతులూ ఇవతలికి చాపితే, ఈ పిల్ల ఏదో ఒక చేతికి కాస్త పైన, తగలకుండా తన అరచెయ్యి పట్టేది. ఏ చేతి మీద పట్టిందో శక్తిని బట్టి చెప్పమంది. 21 మంది, 280 సార్లు. 123 సార్లు సరిగ్గా చెప్పారు, అంటే వందకి 44. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసా అన్నా సగం ఒప్పవుతుంది కదా. 1998లో అది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. నాన్నగారి చేత ఈ ప్రయోగం ఇంట్లోనే చేయించండి, అట్టపెట్టె చాలు. మాస్టర్ ఒప్పుకుంటే ఆయనతోనే చేయమనండి. ఒప్పుకోకపోతే ఎందుకో నాన్నగారినే ఆలోచించుకోనివ్వండి, మీరు నోరు మెదపొద్దు.

ఈ దూరం నుంచి శక్తి పంపే కథ చైనాలో కొత్తదేమీ కాదు. 1980ల్లో, 90ల మొదట్లో అక్కడ చీగాంగ్ పిచ్చి పట్టింది, మాస్టర్ల ప్రసంగాలకి స్టేడియాలు నిండేవి, విశ్వశక్తి అందుతుందని తల మీద లోహపు గిన్నెలు పెట్టుకుని వరసగా కూర్చున్నవాళ్ల ఫొటోలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాకెట్ శాస్త్రవేత్త చియాన్ షుయేసెన్ అంతటివాడు దాన్ని వెనకేసుకొచ్చాడు. సీమా నాన్ అనే ఆయన మాత్రం ఆ గారడీలన్నీ తను కూడా చేసి చూపించి, నిజంగా శక్తి ఉన్నవాడు రుజువు చేస్తే పెద్ద బహుమతి ఇస్తానన్నాడు, ఎవరూ పట్టుకెళ్లలేదు. 2010లో జాంగ్ వూబెన్ అనే ఆయన పెసలు ఉడికించిన నీళ్లతో షుగర్ కూడా తగ్గుతుందని టీవీలో చెప్తే జనం ఎగబడ్డారు, చివరికి ఆయన చెప్పుకున్న అర్హతే అబద్ధమని తేలింది. మనం నవ్వాల్సిన పనేమీ లేదులెండి, 2021లో కరోనా నాటుమందు కోసం కృష్ణపట్నం దారిలో ఎంత జనం ఉన్నారో మనమంతా టీవీలో చూసినవాళ్లమే.

మీ ఉత్తరంలో నాకు భయం వేసింది చరచడం దగ్గర. దాన్ని 'పాయ్‌దా లాజిన్' అంటారు, చరచడం, సాగదీయడం. దీన్ని దేశదేశాల్లో శిబిరాలు పెట్టి నేర్పిన హాంగ్‌చీ షియావ్ అనే ఆయన ఇప్పుడు ఇంగ్లండ్‌లో శిక్షపడ్డ మనిషి. 2016 అక్టోబరులో విల్ట్‌షైర్‌లో ఆయన శిబిరానికి వచ్చిన 71 ఏళ్ల మహిళ టైప్ 1 షుగర్ రోగి, అంటే ఇన్సులిన్ లేనిదే బతకలేని రకం. ఇన్సులిన్ మానేసింది. వాంతులు, నీరసం, నొప్పి మొదలైతే జబ్బు నయమయ్యే ముందు ఇలాగే ఉంటుందన్నారు. శిబిరం మొదలైన నాలుగో రోజుకే చనిపోయింది. 2024లో కోర్టు ఆయన్ని దోషిగా తేల్చి పదేళ్ల జైలు వేసింది. దానికి ముందు 2015లో సిడ్నీలో ఆయన శిబిరానికి తల్లిదండ్రులు తీసుకొచ్చిన ఆరేళ్ల పిల్లాడు కూడా ఇన్సులిన్ ఆపాకే చనిపోయాడు, ఆ కేసులోనూ శిక్ష పడింది. మీ నాన్నగారిది టైప్ 1 కాకపోవచ్చు, మెట్‌ఫార్మిన్ మానితే నాలుగు రోజుల్లో అంత ఘోరం జరగకపోవచ్చు. కానీ మాట అదే మాట: మందు మానండి, బాధ కలిగితే అది మంచికే. ఏం జరిగినా గురువు మాటే నిజమయ్యేలా కట్టిన వాదన ఇది, తగ్గితే చికిత్స గొప్ప, ముదిరితే విషం బయటికొస్తోంది. ఇక ఆ నల్లటి కములు గురించి, రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లని ఎవరు ఎక్కడ చరిచినా అలాగే కములుతుంది, చర్మం కింద రక్తం చిమ్మడం అది, అంతే.

నాన్నగారికి చెప్పాల్సిన అసలు మాట ఇంకొకటుంది. మాత్రలు మానమనడం చైనా వైద్యమే కాదు. చైనాలో సంప్రదాయ వైద్య ఆసుపత్రులకే వెళ్లండి, పెద్ద పెద్దవి ఉన్నాయి, అక్కడ నాడి చూస్తారు, నాలుక చూస్తారు, దాంతోపాటు రక్తపరీక్ష చేస్తారు, స్కానింగ్ చేస్తారు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ రాస్తారు. మలేరియాకి వాడే ఆర్టెమిసినిన్‌కి 2015లో నోబెల్ అందుకున్న తు యూయూ పాత చైనా వైద్యగ్రంథంలోని ఒక ఆకు సంగతి పట్టుకునే మొదలుపెట్టారు, కానీ దాన్ని ల్యాబులో వడకట్టి, జంతువుల మీద పరీక్షించి, మందని చెప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. పార్కులో నాన్నగారి పక్కన నిలబడి చేతులు తిప్పే ఆ పెద్దవాళ్లలో చాలామంది పొద్దున బీపీ మాత్ర వేసుకునే వచ్చి ఉంటారని నా అనుమానం. ఇంగ్లిష్ వచ్చిన మనవళ్లు ఎవరో ఒకరు ఉంటారుగా, ఫోన్‌లో అనువాదం చేసే యాప్ ఉంటుంది, నాన్నగారినే అడగమనండి, మీరు ఏ మాత్రలు వేసుకుంటారు అని. మీరు వంద చెప్పిన దానికంటే తోటి వయసువాళ్లు సంచిలోంచి మాత్రల డబ్బా తీసి చూపిస్తే ఎక్కువ పనిచేస్తుంది.

కాలిఫోర్నియాలో చట్టం కూడా మీ వైపే ఉంది. లైసెన్సు లేనివాళ్లు ఇలాంటి చికిత్సలు చేసుకోవచ్చని 2003 నుంచి ఒక చట్టం ఉంది. కాకపోతే తనకి వైద్యుడిగా లైసెన్సు లేదని, ఏం చేస్తాడో, ఏ చదువు ఉందో కాగితం మీద రాసిచ్చి సంతకం తీసుకోవాలి, డాక్టరు రాసిన మందు మానమని మాత్రం చెప్పకూడదు. మాస్టర్ ఆ కాగితం ఇచ్చాడా? అడగండి. సూదులు వేసే ఆక్యుపంక్చర్ వేరే సంగతి, దానికి రాష్ట్ర బోర్డు పరీక్ష ఉంది, లైసెన్సు నంబరు బోర్డు వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. మోకాలి నొప్పికో నడుము నొప్పికో నాన్నగారు అలాంటివాళ్ల దగ్గరికి వెళ్తానంటే నేను అడ్డం చెప్పను, స్టెంట్ సంగతి, మాత్రల పేర్లు ముందే చెప్పి, సూదులు కొత్తవేనా అని చూసుకుంటే చాలు. మూలికల పొడులు మాత్రం వద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు వాడిన ఎంతోమంది మహిళలకి కిడ్నీలు పోయాయి, ఒక మూలిక బదులు విషమున్న ఇంకోటి కలిసింది. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలతో అలాంటి జూదాలొద్దు.

మాస్టర్‌కి నిజంగా వచ్చో రాదో తేల్చుకునే ఇంకో దారి ఉంది. చీగాంగ్ బాగా తెలిసిన పాతకాపులు కొత్తవాళ్లని ముందు ప్రశ్నలు అడుగుతారు: జబ్బులేమిటి, మందులేమిటి, నిద్ర ఎలా ఉంది, ఎప్పుడైనా మనసు బాగోలేక చికిత్స తీసుకున్నారా. ఎందుకంటే అతిగా ధ్యానం చేస్తే మనసు చెదిరిపోవచ్చని వాళ్లకి తెలుసు. అమెరికా మానసిక వైద్యుల 1994 నాటి జబ్బుల పట్టికలో కూడా చీగాంగ్ వల్ల కలిగే మతిభ్రమణం అని ఒక మాట చేర్చారు. అది అందరికీ వచ్చేది కాదు, మీ నాన్నగారికి వస్తుందనీ నేను అనడం లేదు. ఒక్క ప్రశ్న అడగకుండా డబ్బు తీసుకుని చరచడం మొదలుపెట్టినవాడికి తన విద్య పట్ల కూడా పెద్ద గౌరవం లేదంటున్నాను.

పోలీసుల దాకా ఇప్పుడే వెళ్లొద్దని మీవారికి చెప్పండి. ముందు మీరే మాస్టర్‌ని పక్కకి పిలిచి, నలుగురిలో కాదు, రెండు ముక్కలు చెప్పండి: మా నాన్నకి ఇక చికిత్స వద్దు, మందుల గురించి ఇంకెవరికీ ఇలా చెప్పొద్దు. వినకపోతే, లేదా ఆ గుంపులో ఇంకెవరితోనైనా మాత్రలు మాన్పించాడని తెలిస్తే అప్పుడు రాష్ట్ర మెడికల్ బోర్డుకి ఫిర్యాదు చేయండి. నాన్నగారి ముందు 'మోసం', 'మోసపోయారు' అన్న మాటలు తేవొద్దు. జీవితమంతా వందలమంది పిల్లలకి పాఠం చెప్పిన మనిషి, ఇక్కడికొచ్చి కారు నడపలేక, ఒక్కడే కాఫీ కొనుక్కోలేక పిల్లాడిలా అయిపోయారు, ఆ పార్కులో మాత్రమే ఆయన్ని మళ్లీ ఎవరో పెద్దమనిషిగా చూశారు. 120 డాలర్లు ఆయన కొన్నది అదే. ఆ గౌరవం ఇంట్లో దొరికే దారి చూడండి: షుగర్ రీడింగుల పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి, గ్రాఫ్ గీయమనండి, మీకే పాఠం చెప్పమనండి. మీరో, మీవారో వారానికి ఒకరోజు పొద్దున్నే ఆయనతో కలిసి పార్కుకి వెళ్లి ఆ ఎనిమిది కదలికలూ ఆయన దగ్గరే నేర్చుకోండి. తెనాలి వెళ్లాక కూడా వాటికి మాస్టర్ అక్కర్లేదు, డాబా మీద చేసుకోవచ్చు.

సందర్శకుల ఇన్సూరెన్సు తీసుకునే ఉంటారు, అందులో పాత జబ్బుల గురించి ఏం రాశారో ఈ వారమే చదవండి, చాలా పాలసీలు స్టెంట్ ఉన్న గుండెకి డబ్బివ్వడానికి తిప్పుతాయి. గుండె డాక్టరు ఏమన్నారో, వేళ్ల జివ్వు గురించి ఏం తేలిందో రాయండి.